నల్లకట్ట కింద నీటి నడక

మూడోసారి దిగి వచ్చాక హైమవతికి కూతురి మాటలు సగమే అందుతున్నాయి.

మేదిని అసలే వాగుడుకాయ. ఎనిమిదేళ్ళ పిల్ల, నోరు తెరిచిందంటే ఇక ఆపే నాథుడు లేడు. బడిలో ఎవరు ఎవర్ని గిచ్చారు, మధ్యాహ్నం గుడ్డు పెద్దదిచ్చారా చిన్నదిచ్చారా, పక్కింటి మేక ఎవరి చెడ్డీ నమిలింది, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేయాలి. ఇదివరకు హైమవతి కూర తరుగుతూనే ఊఁ కొట్టేది. ఇప్పుడు కత్తిపీట పక్కన పెట్టి, పిల్ల పెదాలకేసి కళ్ళప్పగించి చూసినా, మొదటి మాటకూ చివరి మాటకూ నడుమ ఉన్నదంతా పిచ్చుకల కిచకిచలా జారిపోతోంది. పొయ్యి మీద పాలు పెట్టి ఇటు తిరిగేలోపు పొంగి నేలపాలు అవుతున్నాయి. గుమ్మంలో ఎవరో పిలిచినట్టుంటుంది, "ఎవరూ" అంటూ వెళ్ళేసరికి వాళ్ళు విసిగి వెళ్ళిపోయి ఉంటారు.

"అమ్మా, విన్నావా?"

"విన్నానే తల్లీ."

ఆ జవాబు ఆమె నోటినుంచి వచ్చేసరికి మేదిని వీధిలో గెంతుతోంది. ఆమె భర్త కోదండం గడప దగ్గర నిలబడి అదంతా చూస్తున్నాడు. ఆయన పక్క పట్నంలో లెక్కల మాస్టారు. భార్య ఉద్యోగం కోసం ఈ ఊరికి మకాం మార్చి, రోజూ బస్సులో వెళ్ళొస్తున్నాడు. పాల గిన్నె తానే తోమి బోర్లించాడు.

ఊరి పేరు నల్లకట్ట. ఎర్రటి బండల నడుమ నల్లరాళ్ళ వరుస ఒకటి, పనిగట్టుకుని ఎవరో పేర్చినట్టు, ఊరి పడమటి అంచు వెంబడి కోసుల కొద్దీ సాగిపోతుంది. ఎవరూ పేర్చలేదు. మనిషనేవాడు పుట్టకముందు ఎప్పుడో ఎర్రబండ నిలువునా విచ్చితే, కిందినుంచి కరిగిన రాయి ఉబికొచ్చి ఆ సందులోనే గడ్డకట్టింది. పైకి కనబడేది నడుమెత్తు రాళ్ళే. లోపల అది పాతాళం దాకా దిగిన గోడ. ఇటు నీళ్ళను అటు పోనివ్వదు, అటు నీళ్ళను ఇటు రానివ్వదు.

ఆ గోడే ఊరిని కాపాడింది. పడమటి పక్కన ఒక రంగుల ఫ్యాక్టరీ ఉండేది. మూతబడి చాలా కాలమైంది గానీ, నడిచిన రోజుల్లో అది గుంటల్లోకి వదిలిన విషం బండ సందుల్లోకి ఇంకి ఇంకా అక్కడే తిరుగుతోంది. అటువైపు బోరు కొడితే బెల్లప్పాకం రంగు నీళ్ళొస్తాయి, వాసనకు ముక్కు మూసుకోవాలి. ఆ విషం ఎంత దూరం పాకిందో తేల్చమని సర్కారు ఒక బృందాన్ని వేసింది. ఆ బృందానికి నాయకుడు డాక్టర్ పరాంకుశం. పెద్దాయన, బట్టతల, చిరాకు, పసిపిల్లాడి నవ్వు. ఆయన కింద భూగర్భ శాస్త్రవేత్త హైమవతి. వీళ్ళొచ్చిన ఏడాదికి, ఏ పక్క మంచిదనుకున్నారో ఆ తూర్పు పక్కనే దిగువ బావి నీళ్ళు చేదెక్కాయి. ఆ నీళ్ళు తాగిన పిల్లల అరచేతుల్లో నల్లమచ్చలు లేచాయి.

గోడకెక్కడో చిల్లు పడింది. ఎక్కడ? అది తెలిస్తే మూసేయవచ్చు. తెలియకపోతే ఒక్కో బావీ పోతుంది, ఆఖరికి ఊరూ పోతుంది.

ఆ చిల్లు వెతకడానికే హైమవతి దిగుతోంది. దిగడమంటే బావిలోకి కాదు. పరాంకుశం జీవితమంతా ధారపోసి పట్టిన సంగతి అది. దుమ్ముకన్నా సన్నటి రేణువుల్ని ఆయన బోరులోకి వదులుతాడు. అవి నీళ్ళతోపాటు బండ సందుల్లో నడుస్తూ, పక్క రేణువును తట్టి తామెక్కడున్నాయో చెబుతాయి. ఆ తట్టు ఒకదాన్నుంచి ఒకదానికి పాకి పైకొచ్చి, షెడ్డులో మంచం మీద పడుకున్న మనిషి తలకు తొడిగిన టోపీలోకి చేరుతుంది. చిక్కల్లా ఒక్కటే. నెర్రెల్లో నీరు రోజంతా నడిస్తే నాలుగు బారలు పోతుంది. మనిషి మనసుకేమో అంత ఓపిక లేదు. అందుకని పరాంకుశం ఒక మందు కనిపెట్టాడు. అది ఎక్కిస్తే మనసు నీటి నడకకు దిగుతుంది. ఒళ్ళు ఎప్పటిలాగే ఉంటుంది, గుండె ఎప్పటిలాగే కొట్టుకుంటుంది, మనసు మాత్రం వారం రోజుల్ని ఒక కునుకంతగా గడిపేస్తుంది. అప్పుడు నేలకింది నీరు ఏరులా పారుతూ కనిపిస్తుంది.

యంత్రాలకు అంకెలు అందాయి గానీ దారి అందలేదు. ఇంకో ఇద్దరు ముగ్గురు దిగి చూశారు, చీకట్లో బండ మీద పడినట్టయి కేకలు పెట్టి లేచారు. హైమవతికి మాత్రం అది పుట్టింటికి వెళ్ళినట్టుండేది. అదేం విచిత్రమో ఆమెకే తెలియదు.

మొదట వేళ్ళు తగిలేవి, తుమ్మ వేళ్ళు, వేప వేళ్ళు. తర్వాత ఎర్రమట్టి. దాని కింద మొరం. అక్కడ నీరు సంతకొచ్చినట్టు తాపీగా, ఆగుతూ, అటూ ఇటూ చూస్తూ నడిచేది. ఇంకా కిందికి పోతే బండ. గోరు పట్టేంత నెర్రెలు. నీరు ఒద్దికగా, ఒకదాని వెనక ఒకటిగా దూరేది. హైమవతి నాలుకకు ప్రతి నీటికీ వయసు తెలిసేది. ఇది నిరుటి వాన. ఇది మా అమ్మ పుట్టకముందు వాన. ఇదిగో ఇది, ఈ నేల మీద ఇంకా నాగలి దిగని రోజుల వాన. ఎంత చల్లగా ఉందో! ఎవరికోసమూ కాకుండా ఇన్నాళ్ళుగా ఇక్కడ పడుకుని ఉంది. ఆమెకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగేది. ఆ వెంట పోగా పోగా నల్లగోడ. చెయ్యి ఆనించి గోడ వెంట నడిచేది, నడిచేది. చిల్లు దొరికేది కాదు. ఎక్కడో పక్కన నీరు ఒకవైపు లాగుతున్నట్టు తోచేది, అంతలో మందు తీరిపోయి మెలకువ వచ్చేసేది.

మొదటిసారి వచ్చాక మనసు మామూలు నడకకు రావడానికి రెండు రోజులు పట్టింది. రెండోసారి నెల. మూడోసారి వచ్చి నెలలు దాటినా పాలు పొంగుతూనే ఉన్నాయి.

"నాలుగోసారి వద్దమ్మాయ్" అన్నాడు పరాంకుశం. మాట అందాలని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మరీ చూపించాడు. "ఇంకోసారి దిగితే నీ మనసు అక్కడే ఉండిపోతుంది. మా నడకకి మళ్ళీ రాదు. ఇంకొకరికి నేర్పుదాం."

"ఎన్నాళ్ళు పడుతుంది సార్?"

ఆయన తల గోక్కున్నాడు. "ఏడాది. రెండేళ్ళూ పట్టవచ్చు."

హైమవతి సరేనంది. గుండెల మీది బండ దిగినట్టయింది, ఆ మాట దాచడం దేనికి? బతికిపోయాననుకుంది. ఇంటికొచ్చి మేదినికి జడలు వేస్తూ ఇక దిగనని చెప్పింది. పిల్ల ఆమె మెడకు వేలాడి ఏదేదో వాగింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా హైమవతి నవ్వింది.

ఆ వారమే నర్సవ్వ వచ్చింది.

నర్సవ్వ ఊళ్ళో పెద్దమనిషి. మొగుడు లేడు, పిల్లలు లేరు, ఊరంతా తన ఇల్లే అన్నట్టు తిరుగుతుంది. ఇత్తడి బిందెతో నీళ్ళు తెచ్చి అరుగు మీద దించింది. అవి గుట్ట మీది బోరు నీళ్ళు. ఈ బృందం వచ్చిన కొత్తలో, నల్లగోడ మందం ఎంతో చూడటానికి గుట్ట మీంచి వాలుగా బోరు వేశారు. అలాంటి పరీక్ష బోరును పని అవగానే సిమెంటుతో అడుగునుంచి పూడ్చేయాలి, అది వాళ్ళ పద్ధతి. కానీ ఆ రోజు నీళ్ళు పడ్డాయి. కొబ్బరి నీళ్ళలాంటి నీళ్ళు! మూడు కరువులు చూసిన ఊరు. ఆడవాళ్ళు పరుగున వచ్చి, పసుపు కలిపి గొట్టంలో పోసి, కుంకుమ పెట్టి, గాజులు తొడిగి, కొబ్బరికాయ కొట్టారు. సిమెంటు బస్తాలు చూసి నర్సవ్వ అడ్డం పడుకుంది. "నీళ్ళు వడ్డ బోరును పూడుస్తరా సారూ? పాలిచ్చే బర్రెను ఎవరన్న కోసుకుంటరా?" అంది. ఆ నేల మీద పుట్టినవాడెవడూ ఆ మాటకు ఎదురు చెప్పలేడు. పరాంకుశం కళ్ళు తుడుచుకున్నాడు. హైమవతి ముందుండి మోటారు బిగించింది. సిమెంటు బస్తాలు బడి అరుగు కట్టడానికి పోయాయి.

"గిన్ని నీళ్ళు తాగు బిడ్డా. నువ్విప్పిచ్చిన నీళ్ళే" అంది నర్సవ్వ. మెల్లగా, ఒక్కో మాటా విడగొట్టి చెప్పడం ఆమెకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. "ఒక్క మాట అడుగుత. బడి బావి సుత చేదైంది పొద్దుగాల. గీ చేదు ఎటు నుంచి ఎటు పోతాంది? మేము ఎటు జరగాలె? గదొక్కటి చెప్పు సాలు. దిగమని నేననను. నీ బిడ్డ మొకం సూసి నేనెట్లంట?"

బడి బావి. మేదిని తాగే నీళ్ళు. నర్సవ్వ వెళ్ళాక హైమవతి కూతుర్ని పిలిచి రెండు అరచేతులూ తిప్పి చూసింది. మచ్చల్లేవు. పక్కనే ఆడుకుంటున్న మేదిని జతగత్తె చేతులు కూడా తిప్పి చూసింది. చిటికెన వేలి కింద పెసరగింజంత మచ్చ. ఆ పిల్ల సిగ్గుపడి చెయ్యి లాక్కుంది.

ఆ సాయంత్రం కోదండానికీ ఆమెకూ జరిగిన గొడవ మామూలుది కాదు. అంటే అరిచింది ఆయనే. ఆమె ఒక మాట కూడబలుక్కునేలోపు ఆయన పది మాటలు అనేసేవాడు, అది తనకే సిగ్గనిపించి ఆగేవాడు, ఆగి మళ్ళీ ఎత్తుకునేవాడు.

"నీ ఒక్కదానికే పట్టిందా హైమా ఈ ఊరి గోల? మన పిల్లను తీసుకుని రేపే పోదాం. పట్నంలో కుళాయి నీళ్ళున్నాయి. ఎవరైనా తప్పంటారా?"

"అనరు" అంది ఆమె చాలాసేపటికి.

"మరి?"

"ఏడాదికి ఊరంతా తాగేస్తుందండీ ఆ నీళ్ళు. దారి నాకు సగం తెలుసు. ఇంకెవరికీ ఆ సగమూ తెలియదు."

"నాకు నువ్వు కావాలి." కోదండం ఆమె ఎదురుగా చతికిలబడ్డాడు. "నీకు కోపమొస్తే తిట్టాలి. నాకు జ్వరమొస్తే కసరాలి. బొమ్మలా కుర్చీలో కూచుని ఉంటే నేనేం చేసుకోను?"

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ వెక్కి వెక్కి ఏడ్చారు. ఆమె ఏడుపు ఆయన ఏడుపు ఆగాక మొదలైంది.

అమ్మ మళ్ళీ దిగుతోందని మర్నాడు మేదినికి చెప్పారు. పిల్ల ఏడవలేదు. కాస్సేపు ముక్కు గిల్లుకుంటూ ఆలోచించి, "అయితే నేను చెప్పాల్సినవన్నీ ఇవాళే చెప్పేస్తాను" అంది. చెప్పింది కూడా. బడి మానేసి పొద్దున్నుంచి పడుకునేదాకా ఒక్కటే ధార. జరిగినవే కాదు, జరగబోయేవీ చెప్పేసింది. పెద్ద పరీక్షలో తాను ఫస్టొచ్చిందట, లెక్కల్లో కొంచెం తగ్గిందట, నాన్న తిట్టాడట. సైకిలు నేర్చుకుని మోకాలు చీరుకుపోయిందట. తనకు పెళ్ళయిందట, మొగుడు మంచివాడే గానీ గురక పెడతాడట. హైమవతికి అందులో సగమే అందింది. ఆ సగమూ దోసిట్లో పట్టుకున్నట్టు కూచుని విన్నది.

పరాంకుశాన్ని ఒప్పించి నాలుగోసారి దిగినప్పుడు ఆమె మంచి నీళ్ళ వెంట పోలేదు. పడమటి చేదు నీళ్ళ వెంట పోయింది.

అవి బరువైన నీళ్ళు. ఉప్పు మోసుకుంటూ, అలసిపోయి, తలొంచుకుని నడిచేవి. వాటి మీద ఆమెకు కోపం వస్తుందనుకుంది, రాలేదు. అవీ ఒకప్పుడు వానే. అవి మెట్టు మెట్టుగా దిగి నల్లగోడ దాకా వచ్చి, దారిలేక ఆగి, గోడనే ఆనుకుని తూగుతున్నాయి. ఆమె కూడా ఆగింది. అప్పుడు పక్కనుంచి మెల్లగా లాగుడు. ఈసారి తొందరపడలేదు. నీరు ఎలా జారితే అలా జారింది.

గోడలో సందు దొరికింది. అది గుండ్రంగా ఉంది.

బండ తానై విచ్చితే నెర్రె పడుతుంది, అది వంకరపోతుంది, సన్నబడుతుంది, చీలుతుంది. గుండ్రంగా, నున్నగా, గోడ ఈ మొగంనుంచి ఆ మొగానికి దూసుకుపోయిన సందు బండ చేసుకోదు. పగలు మోటారు నడుస్తున్నంతసేపూ తూర్పు మంచినీళ్ళు అందులోంచి పైకి పోతున్నాయి. మోటారు ఆగగానే పడమటి నీళ్ళు అందులోకి జారి, బరువుకొద్దీ అడుక్కి దిగి, తూర్పు బండల్లోకి చల్లగా ఇంకిపోతున్నాయి. పరీక్షకు నీళ్ళు పట్టేది మోటారు నడిచేటప్పుడే కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆ సందు అంచున ఆమె నాలుకకు ఒక రుచి తగిలింది. పసుపు. ఆనాడు ఊరి ఆడవాళ్ళు గొట్టంలో పోసిన పసుపు అంచులకు పట్టి ఇంకా కొంచెం మిగిలుంది.

అయ్యో, అనుకుంది హైమవతి. అయ్యో నర్సవ్వా.

కళ్ళు తెరిస్తే షెడ్డు కప్పు ఉంది, కిటికీ ఉంది. మనుషులు లేరు. ఉన్నారు గానీ నిలవడం లేదు. ఏవో రంగులు చుట్టూ మసకగా ఆడుతున్నాయి, చెవుల్లో సన్నటి ఈల. కిటికీలోంచి పడ్డ ఎండ నేలమీద పాకి గోడెక్కి మాయమైంది. చీకటి, మళ్ళీ ఎండ. పగలంతా ఆమెకు బియ్యం ఎసట్లో పోసేంత సేపు. కోదండం పెట్టిన ముద్దలన్నీ నోట్లో ఒక్క ముద్దలా అనిపించేవి, మధ్యలో ఆయన చెయ్యి ఎక్కడా దొరికేది కాదు.

ఉన్న ఓపికంతా కూడదీసుకుని ఆమె రెండే మాటలు అంది.

ఆ రెండు మాటలకు పొద్దుటి కాఫీలనుంచి మధ్యాహ్నం భోజనాల వేళ దాకా పట్టిందని కోదండం తర్వాత ఊళ్ళో వాళ్ళకు చెప్పేవాడు. ఎక్కడో తేనెతుట్టె మూలిగినట్టు ఒకటే చప్పుడు. పరాంకుశం దాన్ని రికార్డు చేసి, వేగం పెంచి, పెంచి, ఇంకా పెంచి వినిపించాడు. హైమవతి గొంతు వచ్చింది, ఎప్పటి గొంతే, గుమ్మంలోంచి పలకరించినట్టు.

"మన బోరే."

పరాంకుశం ఆ రెండు మాటల్నీ మళ్ళీ మళ్ళీ వేసి విన్నాడు. నర్సవ్వకు కబురు వెళ్ళింది. ఆమె వచ్చి, హైమవతి పాదాలు పట్టుకుని చాలాసేపు కూచుంది. "నేనే అడ్డం పండుకున్న కదా బిడ్డా" అంది. "నీళ్ళు వడ్డయని నువ్వు పూడ్చకుంట ఆగినవు. నా మాట ఇని ఆగినవు." ఆ మాటలు హైమవతికి చేరలేదు. పాదాల మీద ఏదో వెచ్చగా పడి ఆరిపోయినట్టు మాత్రం తెలిసింది.

బోరు పూడ్చే రోజున ఊరంతా గుట్టెక్కింది. పూడ్చడానికి కూలీలను రానివ్వలేదు నర్సవ్వ. గొట్టానికి తొడిగిన గాజులు తానే తీసింది, పసుపు కుంకుమలు తానే కడిగింది, మొదటి తట్ట సిమెంటు తానే పోసింది. ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని ఏడ్చారు. తాగిన నీళ్ళ రుణం తీర్చుకోవాలని ప్రతి ఇంటినుంచీ ఒకరు వచ్చి తలా ఒక తట్ట అందుకున్నారు. ఇక నాలుగైదు వానలు కురిస్తే, గోడకు మళ్ళీ చిల్లు పడకపోతే, తూర్పు నీళ్ళు మెల్లమెల్లగా తేటపడతాయన్నాడు పరాంకుశం.

హైమవతిని ఒక నల్లరాతి పక్కన కుర్చీలో కూచోబెట్టారు. ఇంట్లో ఎందుకు, ఆమె చూడాల్సిన పనే కదా అన్నాడు కోదండం.

ఆమె చూసింది. చూడటానికేముంది, గుట్టమీద రంగులు దులపరించినట్టు ఏదో ఊగింది. ఆకాశంలో మబ్బులు పొంగి పారిపోయాయి. రాళ్ళ నీడలు చేతులు చాచుకున్నట్టు సాగుతున్నాయి. ఈ ఊగిసలాటలో తన వాళ్ళున్నారని తెలుసు. ఎక్కడని వెతకను, ఎవర్నని పట్టుకోను? మేదినీ, అనుకుంది. మేదినీ, నువ్వెక్కడే?

ఎదురుగా ఉన్న నల్లరాతి మీద ఏదో ఆకుపచ్చగా ఉంది.

మిగతావన్నీ వచ్చి పోతున్నా అది పోవడం లేదు. మొదట మసకగా ఉండి, తర్వాత అంచులు కట్టింది. గౌను. మోకాళ్ళ మీద రెండు చేతులు. ఎడం మోకాలికి కొత్త దెబ్బ, దానిమీద ఎర్రమందు. రెండు జడలు, నాన్న వేసినవి కాబట్టి ఒకటి పైకి, ఒకటి కిందికి. ముందు పన్ను ఊడిన నోరు గట్టిగా మూసుకుని, రెప్ప వాల్చడానికి కూడా భయపడుతున్నట్టు తననే చూస్తున్న మేదిని.

పిల్ల పొద్దున్నే వచ్చి ఆ రాతి మీద కూచుందట. ఎవరూ చెప్పలేదు. తెచ్చిన అన్నం తినలేదు. గండుచీమ కుడితే కళ్ళనీళ్ళు కారాయి గానీ కాలు కదపలేదు. ఎండకు పిల్ల వాడిపోతోందని నర్సవ్వ కొంగు అడ్డం పట్టబోతే, పెదాలు కదపకుండానే, "జరుగవ్వా, అమ్మకు అడ్డమొస్తావు" అందట. ఏం చేస్తోందో కోదండానికి అప్పుడు అర్థమై, పక్కకు పోయి రాతి చాటున నిలబడ్డాడు.

హైమవతి ముఖంలో నవ్వు మొదలైంది. ముందు కళ్ళ చివర్ల, తర్వాత బుగ్గల్లో, ఆ తర్వాత పెదాల మీదికి. జనం దిగిపోయారు, గిన్నెలూ తట్టలూ దిగిపోయాయి, కట్ట మీద ఎండ ఎర్రబడింది. పొద్దు గుంకే వేళకు ఆ నవ్వు పూర్తిగా వచ్చింది. అది వచ్చేదాకా మేదిని కదల్లేదు.